బయటి నుంచి మద్దతు

సొహార్‌ల పొద్దున ఆరున్నర.
అక్కడ ఎనిమిది, ఓట్ల మిషన్లు తెరిచే యాళ్ల.
గంటన్నర వెనుక బతికేటోళ్లం మేము,
వార్త మాత్రం అందరికీ ఒక్కసారే అందుతది.

శుక్రవారం గనుక డ్యూటీ లేదు.
ఇరవై రెండో రూముల ఎనిమిది మంచాలు,
ఒకటి హెలాలుద్దీన్‌ది, అతనిది బంగ్లాదేశ్.
నెలాఖరు. డేటా మిగిలింది భూమేశ్ ఫోన్లనే.
పగిలిన అద్దం మీద
అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నయి.

మా నియోజకవర్గం
ఆరో రౌండుల ఇటు,
తొమ్మిదో రౌండుల అటు.
లింబాద్రి పప్పుల ఉప్పు రెండుసార్లేసిండు,
ఎవ్వరం ఏమనలేదు.

పగటీలికి అంకె నిలబడ్డది.
కుట్టుమిషను గుర్తాయన, ఏ పార్టీకీ చెందనోడు,
ముప్పై ఎనిమిది ఓట్లతోని గెలిచిండు.
ముప్పై ఎనిమిది!
పెండ్లికి పోయే డీసీఎంల
ఇరుకిరుకుగ పట్టేంత మంది.

ముత్తెన్న సిమెంటు సంచి కాయితం చింపిండు,
చెవి మీది పెన్సిలు తీసిండు.
మన బ్లాకుల మనోళ్లు పదకొండు.
సీ బ్లాకుల పన్నెండు.
కడ్డీలు వంచే ముఠాల పదమూడు.
మెస్సుల ఇద్దరు.
అక్కడ ఆగి, పెన్సిలు నాలిక్కి తాకించి, మళ్లా కూడిండు.
సహమ్ దిక్కు మేకల కాడున్న గంగుల తమ్ముడు.
కాలుకు రాడ్డేస్తే ఆస్పత్రిల పండుకున్న శాయిలు.
నలభై.
మా మాట ఒక్క ముక్క రాని హెలాలుద్దీన్
మంచం మీదికెళ్లి లేవకుంట
ముత్తెన్న దిక్కు వేలు చూపిండు.
తనను తాను మరిచిపోయిండు పెద్దమనిషి.
నలభై ఒకటి.

"అయితే ఏంది?" అన్నడు భూమేశ్.
"సగం ఇటు గుద్దుదుము, సగం అటు గుద్దుదుము.
ఫ్యాను ఎంత మీద పెట్టాల్నో
ఇప్పటిదాంక తెగలేదు మనకు."
నిజమే.
అయినా ఆ కాయితాన్ని ఎవ్వరం పారెయ్యలేదు.

సందెకు తేలింది ఏందంటే
ఎవ్వరికీ పూర్తిగ రాలేదు.
పెద్ద పార్టీకి ఒక్కడు తక్కువ,
ఆ ఒక్కడు మా కుట్టుమిషనే.
"క్యాంపుకు తీస్కపోయిన్రట" చదివిండు భూమేశ్.
ఫోను గుంజుకున్నరట.
గేటు కాడ కాపలా అట.
బస్సుల ఎక్కించుడు, బస్సుల దించుడేనట.
లింబాద్రికి ముందుగాల నవ్వొచ్చింది,
గరిటె చేతిలనే ఊగింది.
"పాస్‌పోర్టు గూడ తీస్కున్నరో అడుగు."
"ఓవర్‌టైం ఇస్తరానుల్లా?"
"సెలవు రెండేండ్లకా, మూడేండ్లకా?"
మంచాలు కిర్రుకిర్రుమన్నయి నవ్వుకు.
ఏందేందని హెలాలుద్దీన్ అడిగితే
హిందీల చెప్పబోయిన.
చెప్తుంటే చెప్తుంటే
అదేం నవ్వే ముచ్చటో నాకే తెలియకపాయె.

రాత్రికి ఆఖరి వార్త.
మా ఆయన మంత్రి పదవి వద్దన్నడట,
బయటి నుంచి మద్దతిస్తడట.
"గదేంది?" అన్నడు ముత్తెన్న.
లోపలికి రాడు, కుర్చీల కూసోడు,
చెయ్యి తీస్తే మాత్రం సర్కారు కూలుతది, అన్న.
ముత్తెన్న సాక్సులు ఇప్పుకుంట ఇప్పుకుంట ఆగి
"గట్లైతే పదకొండేండ్లాయె నేనియ్యవట్టి" అన్నడు.
కాయితం మడిచి
హెల్మెటు లోపలి పట్టీ కింద పెట్టుకున్నడు.

మెస్సు వెనుక వైఫై దొరికే మూల
సిమెంటు దిమ్మె మీద కూసున్న.
ఇమోల ఇంటామె.
నా ఓటు చీటీ గూడ వచ్చిందట,
కరెంటు బిల్లుల్ల పెట్టిందట.
వేలు కెమెరాకు ఆనిచ్చి చూపింది.
సిరా గోరు మీదికెళ్లి తోలు మీదికి కారింది,
వంకాయ రంగు.
"ఎవరికేసినవ్?"
మోటరు కాలిపోయిన ముచ్చట చెప్పింది,
చిన్నదాని ఫీజు ముచ్చట చెప్పింది,
గొర్రె ఈనిందన్నది.
"ఎవరికేసినవే?"
కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వి,
"హలో, హలో, సిగ్నల్ లేదు,"
బొమ్మ చక్కగ కనపడుతుండంగనే
పెట్టేసింది.